పీటీహెచ్ 38, ఫెరిటిన్ 96: డయాలసిస్ పేషెంట్ రిపోర్టును తలకిందులు చేసిన జుట్టు విటమిన్

పేషెంట్‌కు 46 ఏళ్లు. పరకాల వైపు పల్లె, బీడీలు చుట్టే పని. ఏళ్ల తరబడి పట్టించుకోని బీపీతో కిడ్నీలు పోయి, మూడేళ్లుగా డయాలసిస్ మీద ఉంది. మంగళ, గురు, శనివారాల్లో వరంగల్ వచ్చి నాలుగేసి గంటలు చేయించుకుంటుంది. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉంది. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) 52 కిలోలు, డయాలసిస్ ద్రవంలో కాల్షియం లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు. జుట్టు కోసం తినే బయోటిన్ అనే విటమిన్ రక్తపరీక్షల అంకెలను ఎలా తిప్పేస్తుందో నేర్చుకోవడానికి కూర్చిన కేసు ఇది. ఊరు, వయసు, అంకెలు ఏ ఒక్క మనిషివీ కావు, కానీ ఆ అంకెలు ఒకదాన్నొకటి పట్టి నడిచే తీరు ఏ డయాలసిస్ సెంటర్లోనైనా కనిపించేదే.

జనవరిలో ఆమె వాడుతున్న మందులు: డయాలసిస్ రోజుల్లో కాల్సిట్రయాల్ (పీటీహెచ్‌ను తగ్గించే విటమిన్ డి రూపం) 0.25 మైక్రోగ్రాములు, మూడు పూటలా అన్నంతో సెవెలమర్ 800 మి.గ్రా., వారానికి రెండుసార్లు ఎరిత్రోపోయెటిన్ (రక్తం పట్టించే సూది) 4000 యూనిట్లు, రెండు వారాలకోసారి ఐరన్ సుక్రోజ్ 100 మి.గ్రా., రాత్రి పూట ఫోలిక్ యాసిడ్, బీ6 ఉన్న బీ కాంప్లెక్స్ గోలీ, బీపీకి రెండు మందులు. విటమిన్ డి 17 ఉందని వారానికో 60,000 యూనిట్ల సాషే చొప్పున ఎనిమిది వారాలు రాశారు. అప్పటి రిపోర్టు, మూడు నెలల తర్వాత ఏప్రిల్ రిపోర్టు పక్కపక్కన ఇవి:

| పరీక్ష | జనవరి | ఏప్రిల్ |
|---|---|---|
| కాల్షియం | 8.4 | 8.1 |
| ఆల్బుమిన్ | 3.6 | 3.6 |
| ఫాస్ఫరస్ | 5.9 | 6.3 |
| ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ | 148 | 205 |
| పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) | 612 | 38 |
| విటమిన్ డి | 17 | 100 పైన |
| హిమోగ్లోబిన్ | 9.8 | 10.1 |
| ఫెరిటిన్ (నిల్వ ఉన్న ఇనుము) | 410 | 96 |
| ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో తిరిగే ఇనుము) | 24 శాతం | 27 శాతం |
| బీ12 | 380 | 2000 పైన |
| టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) | 3.1 | 0.08 |

ఏప్రిల్ అంకెలను ఒక్కొక్కటిగా చూస్తే ఒక్కోదానికి ఒక్కో చికిత్స తోస్తుంది. జరిగిందీ అదే. పీటీహెచ్ 38కి పడిపోయింది కాబట్టి పారాథైరాయిడ్ గ్రంథిని మరీ అణచేశామని కాల్సిట్రయాల్ ఆపారు. విటమిన్ డి వంద దాటింది కాబట్టి ఇక సాషేలు వద్దన్నారు. ఫెరిటిన్ 96 చూసి ప్రతి డయాలసిస్‌కూ ఐరన్ సుక్రోజ్ 100 మి.గ్రా. చొప్పున పది డోసులు రాశారు. టీఎస్‌హెచ్ చూసి బయట ఇంకో చోట కార్బిమజోల్ 10 మి.గ్రా. రాసిచ్చారు. ఆ చీటీ ఆమె సంచిలోనే ఉండిపోయింది, గోలీలు కొనలేదు. ఆ ఆలస్యం మంచిదే అయింది, ఎందుకంటే కార్బిమజోల్ తెల్లరక్తకణాలను కూలదోయగల మందు.

నాలుగు నిర్ణయాలూ తప్పే. తప్పని చెప్పడానికి ఇంకో పరీక్ష కూడా అక్కర్లేదు, ఆ కాగితంలోనే సాక్ష్యం ఉంది.

అంకెలు పొత్తు కుదరనప్పుడు

ముందు కాల్షియం సరిచేసి చూడాలి. రక్తంలోని కాల్షియంలో సగానికి కాస్త తక్కువ భాగం ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది కాబట్టి, ఆల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువుందో దాన్ని 0.8తో గుణించి కలుపుతాం. ఏప్రిల్‌లో 8.1కి 0.4 × 0.8, అంటే 0.32 కలిపితే 8.4. జనవరిలో ఇదే లెక్కన 8.7. అంటే కాల్షియం తగ్గింది. ఫాస్ఫరస్ పెరిగింది. ఈ రెండూ పారాథైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టేవే. అలాంటప్పుడు పీటీహెచ్ పెరగాలి, పడిపోకూడదు.

తర్వాత ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. లివర్ ఎంజైములు మామూలుగానే ఉన్నాయి కాబట్టి ఆ 205 ఎముక నుంచి వచ్చినదే. పీటీహెచ్ నిజంగా 38కి పడి ఎముక జడంగా మారి ఉంటే, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ నార్మల్‌లో కింది అంచుకు రావాలి. ఇక్కడ ఎముక వేగంగా కరుగుతోందని ఒక అంకె చెబుతుంటే, కరగడమే ఆగిందని ఇంకో అంకె చెబుతోంది.

విటమిన్ డి వంద దాటడం నిజమైతే, అదీ విషమయ్యేంత నిజమైతే, కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ పైకెక్కాలి. మలబద్ధకం, వాంతులు, దాహం, మత్తు కనిపించాలి. ఆమెకు అవేవీ లేవు, కాల్షియం కింద ఉంది. ఇక్కడ ఒక మాట: మన దగ్గర విటమిన్ డి నిజంగానే విషమైన కేసులు తక్కువేం కావు. వారానికొకటి అని రాసిన 60,000 సాషేను రోజూ కలుపుకుని తాగేవాళ్లుంటారు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో 6 లక్షల యూనిట్ల సూది ఒకటికి మూడు వేయించుకున్నవాళ్లుంటారు. కాబట్టి వంద పైన అంకె కనపడగానే రిపోర్టు తప్పని కొట్టిపారేయలేం, అలా అని కాల్షియం చూడకుండా నమ్మనూ లేం.

ఇనుము సంగతీ అంతే. ఫెరిటిన్ 410 నుంచి 96కు పడాలంటే రక్తం పోయి ఉండాలి, లేదా ఎరిత్రోపోయెటిన్ డోసు బాగా పెంచి ఉండాలి. నల్ల విరేచనం లేదు, డయలైజర్‌లో (రక్తాన్ని వడపోసే గొట్టంలో) రక్తం గడ్డకట్టి పారేసిందీ లేదు, హిమోగ్లోబిన్ 9.8 నుంచి 10.1కి పెరిగింది. మధ్యలో ఐరన్ ఎక్కుతూనే ఉంది. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ తగ్గలేదు సరికదా మూడు శాతం పెరిగింది. గోదాం ఖాళీ అయిందని ఫెరిటిన్ అంటోంది, బండ్లలో సరుకు నిండుగానే ఉందని శాచురేషన్ అంటోంది.

థైరాయిడ్ అయితే మంచం దగ్గరే తేలుతుంది. నాడి నిమిషానికి 76. చేతులు చాపమంటే వణుకు లేదు. డ్రై వెయిట్ గ్రాము తగ్గలేదు. టీఎస్‌హెచ్ 0.08, దాని పక్కన పెరిగిన ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఉన్న మనిషి అలా ఉండదు.

ముందు తోసిపుచ్చాల్సినవి

ఇలాంటి రిపోర్టు రాగానే మొదట అనుమానించేది శాంపిల్‌నే. ఏప్రిల్ ఎండలో హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు పోయే శాంపిల్ ఐసు లేకుండా పోతే పీటీహెచ్ కొంత విరిగిపోయి తక్కువ చూపిస్తుంది. అందుకే పీటీహెచ్‌ను ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం) ట్యూబ్‌లో తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాను చల్లగా పంపాలి. అది ఈడీటీఏలో ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ ఎండకు పీటీహెచ్ విరగడం నిజమైనా, విటమిన్ డి వందకు ఎక్కడం దానితో తేలదు.

ఊదా ట్యూబ్‌లోని రక్తం చుక్క ఎర్ర మూత ట్యూబ్‌లో పడిందేమో చూడాలి. ట్యూబులు నింపే తొందరలో ఇది జరిగేదే. అప్పుడు ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుని తక్కువ చూపిస్తుంది, పొటాషియం అమాంతం పెరుగుతుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పడిపోతుంది. ఇక్కడ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగింది, పొటాషియం 5.1. ఇదీ కాదు.

మెగ్నీషియం బాగా పడిపోతే పీటీహెచ్ విడుదల ఆగి, కాల్షియం కూడా తగ్గుతుంది. నెలల తరబడి పాంటప్రజోల్ మింగేవాళ్లలో ఇది చూడాలి. పరీక్షిస్తే 2.3, మామూలే. పారాథైరాయిడ్ ఆపరేషన్ జరిగితే పీటీహెచ్, కాల్షియం రెండూ పడిపోతాయి, ఎముక ఆకలిగా కాల్షియాన్ని లాక్కుంటూ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెంచుతుంది. కానీ అప్పుడు ఫాస్ఫరస్ కూడా పడాలి. పైగా మెడ మీద కోత లేదు.

పైపు నుంచి తీసే శాంపిల్‌లో సెలైన్ కలిసినా అంకెలు తగ్గుతాయి, కానీ అన్నీ తగ్గుతాయి. ఆల్బుమిన్ జనవరిలో ఉన్నట్టే 3.6 ఉంది. కాబట్టి పలుచబడలేదు.

మిగిలింది ఒక్కటే ప్రశ్న: ఏవి పడ్డాయి, ఏవి ఎక్కాయి? పీటీహెచ్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ పడ్డాయి. విటమిన్ డి, బీ12, ఫ్రీ టీ4 ఎక్కాయి. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్బుమిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఇనుము శాచురేషన్ మాత్రం శరీరంతో పొత్తు కుదిరే ఉన్నాయి. వీటిని జబ్బు పేరుతో కాక పరీక్ష పద్ధతి పేరుతో విడదీస్తే చిక్కు వీడుతుంది. పడినవన్నీ శాండ్‌విచ్ పద్ధతి పరీక్షలు. ఎక్కినవన్నీ పోటీ పద్ధతి పరీక్షలు. సరిగ్గా ఉన్నవి ఈ రెండింటిలో దేనికీ చెందనివి, రంగు మార్పును బట్టో ద్రావణం మసకబారడాన్ని బట్టో కొలిచేవి.

బయోటిన్ ఏం చేస్తుంది

ఈ రెండు రకాల పరీక్షలనూ ఒకేసారి తప్పుదారి పట్టించగలిగేది జుట్టు విటమిన్ బయోటిన్. యాంటీబాడీలతో కొలిచే చాలా ఇమ్యునో పరీక్ష యంత్రాల్లో స్ట్రెప్టావిడిన్ పూసిన సన్నని గుండ్లు ఉంటాయి. యాంటీబాడీకి తోకలా బయోటిన్ తగిలించి ఉంచుతారు. స్ట్రెప్టావిడిన్‌కు బయోటిన్ కనపడితే వదలదు. ప్రకృతిలోని అత్యంత గట్టి బంధాల్లో అదొకటి. శాంపిల్‌లోని హార్మోన్‌ను రెండు యాంటీబాడీలు రెండు వైపులా పట్టుకుంటాయి, అందులో ఒకటి బయోటిన్ తోకతో గుండుకు అంటుకుంటుంది, అంటుకోనిది కడిగేస్తారు, మిగిలిన వెలుగును కొలుస్తారు. ఇది శాండ్‌విచ్. ఎంత వెలుగు ఉంటే అంత హార్మోన్.

రోగి రక్తంలోనే బయోటిన్ నిండా ఉంటే ఏమవుతుంది? హనుమకొండ బస్టాండ్‌లో బస్సు ఆగకముందే కిటికీల్లోంచి సీట్ల మీద రుమాళ్లు పడటం తెలిసిందే. గుండ్ల మీది సీట్లన్నీ అలా ముందే నిండిపోతాయి. హార్మోన్‌ను పట్టుకున్న యాంటీబాడీ వచ్చేసరికి చోటు ఉండదు, కడుగుడులో కొట్టుకుపోతుంది. వెలుగు తగ్గుతుంది. యంత్రం హార్మోన్ తక్కువని రాస్తుంది.

పోటీ పద్ధతిలో లెక్క తిరగబడి ఉంటుంది. రోగి శాంపిల్‌లోని విటమిన్ డి, యంత్రం కలిపే గుర్తుపెట్టిన విటమిన్ డి ఒకే చోటు కోసం పోటీ పడతాయి. రోగిది ఎక్కువుంటే వెలుగు తక్కువ. బయోటిన్ వల్ల వెలుగు ఎలాగూ తగ్గుతుంది కాబట్టి యంత్రం దాన్ని ఎక్కువ విటమిన్ డి అనుకుంటుంది. ఒకే దొంగ, ఒక ఇంట్లో తీసి ఇంకో ఇంట్లో పెట్టినట్టు.

పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు. డయాలసిస్‌కు రాసే బీ కాంప్లెక్స్‌లో ఉండేది కూడా వందల మైక్రోగ్రాముల లోపే. జుట్టు, గోళ్ల కోసం అమ్మే వాటిలో 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాములు, అంటే 5 నుంచి 10 మి.గ్రా. ఉంటుంది. కిడ్నీలు బాగున్న మనిషి దాన్ని గంటల్లో మూత్రంలో వదిలేస్తాడు. మూత్రమే రాని మనిషిలో అది పేరుకుంటుంది. చిన్న అణువు కాబట్టి డయలైజర్ గుండా కొంత పోతుంది, కానీ వారానికి పన్నెండు గంటల డయాలసిస్, రోజూ మింగే 10 మి.గ్రా.తో పోటీ పడలేదు. ‘‘గోలీ వేసుకున్న ఎనిమిది గంటల తర్వాత రక్తం ఇవ్వండి’’ అని కిట్ కాగితాల మీద ఉండే సూచన కిడ్నీలున్నవాళ్లకే. డయాలసిస్ పేషెంట్‌కు దాన్ని వర్తింపజేయడం పెద్ద పొరపాటు.

అడిగే తీరు

ఆమె ఫైల్లో మందుల జాబితా పక్కాగా ఉంది. ‘‘వేరే మందులేమైనా వాడుతున్నారా?’’ అని ప్రతి నెలా అడిగి ‘‘లేదు’’ అని రాసుకున్నారు. ఆమె అబద్ధం చెప్పలేదు. శనివారం నెలవారీ సమీక్షలో సిస్టర్ అడిగిన తీరు వేరు: ‘‘అక్కా, జుట్టుకు, గోళ్లకు, బలానికి అని ఏమన్న తింటున్నవా?’’

‘‘గవి గోలీలు కావు బిడ్డా, మిఠాయి లెక్కుంటయి. జుట్టంత ఊడుతుందని మా బిడ్డ పట్నంల కెల్లి తెచ్చింది. పొద్దున రెండు తింట.’’

మంగళవారం డబ్బా తెప్పించి చూస్తే ఒక్కో గమ్మీలో 5,000 మైక్రోగ్రాముల బయోటిన్. రోజుకు రెండు. ఫిబ్రవరి మొదటి వారం నుంచి. శివరాత్రికి ఇంటికొచ్చిన చెల్లెలు కూడా ‘‘తిను, మంచిదే’’ అన్నదట.

అందుకే మా అభిప్రాయంలో మందుల జాబితా అడగడం కంటే సంచి తెప్పించడం మేలు. నెలకోసారి ఇంట్లో ఉన్న డబ్బాలు, సీసాలు, పొట్లాలు అన్నీ సంచిలో వేసుకుని రమ్మనాలి. పౌడర్లు, గమ్మీలు, ఊళ్లో వేయించుకున్న సూదులు, పసరు మందులు కూడా. ‘‘మందు’’ అన్న మాట వాడితే ఇవేవీ బయటికి రావు. ఆ సంచిలో బయోటిన్ కంటే ప్రమాదకరమైనవి కూడా దొరుకుతాయి. కాళ్ల తిమ్మిరికి రాసే మిథైల్‌కోబాలమిన్ క్యాప్సూల్‌నే తీసుకోండి. పేరు చూసి విటమిన్ అనుకుంటారు, కానీ చాలా కంపెనీల క్యాప్సూల్‌లో దానితో కలిపి ప్రెగాబాలిన్ (నరాల నొప్పి మందు) 75 మి.గ్రా. ఉంటుంది. కిడ్నీ ద్వారానే పోయే మందు అది. రోజుకు రెండు వేసుకుంటే డయాలసిస్ పేషెంట్ మత్తుగా తూలిపడి, యూరియా ఎక్కువై మత్తొచ్చిందేమో అనిపిస్తుంది.

తేల్చిన విధానం

మొదటి శాంపిల్‌ను ఇంకో యంత్రం మీద నడిపితే అన్నిటికంటే బాగుండేది. కానీ తొమ్మిది రోజులు గడిచాయి, ల్యాబ్ దాన్ని పారేసింది. అందుకే అనుమానం వచ్చిన శనివారమే, గమ్మీ తిన్న కడుపుతోనే, సూది పెట్టగానే హెపారిన్ ఎక్కించకముందు ఒకే రక్తాన్ని రెండు ట్యూబుల్లో తీశారు. ఒకటి పాత ల్యాబ్‌కు, ఇంకోటి స్ట్రెప్టావిడిన్-బయోటిన్ పద్ధతి వాడని యంత్రం ఉన్న ల్యాబ్‌కు. ఏ ల్యాబ్ ఏ పద్ధతి వాడుతుందో ఫోన్ చేసి బయోకెమిస్ట్‌ను అడిగితే చెబుతారు, రిపోర్టు కింద కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్ని కంపెనీల కొత్త కిట్లలో బయోటిన్ తట్టుకునే మార్పు చేశారు కాబట్టి యంత్రం పేరొక్కటే అడిగితే చాలదు, కిట్ తరం కూడా అడగాలి.

పాత ల్యాబ్‌లో పీటీహెచ్ 41, విటమిన్ డి వంద పైన, టీఎస్‌హెచ్ 0.09. రెండో ల్యాబ్‌లో అదే రక్తానికి పీటీహెచ్ 704, విటమిన్ డి 34, టీఎస్‌హెచ్ 3.2.

ఫెరిటిన్ ఆ రోజు పంపలేదు. అప్పటికే మూడు డోసుల ఐరన్ ఎక్కింది, చివరిది గురువారం. రక్తనాళంలోకి ఐరన్ ఎక్కించాక వారమైనా ఆగకుండా ఫెరిటిన్ చూస్తే ఎక్కించిన ఐరనే కనపడుతుంది. తర్వాతి గురువారం రెండో ల్యాబ్‌లో చూస్తే 530. మిగిలిన ఏడు డోసులూ అలాగే ఎక్కించి ఉంటే దాని మీద ఇంకో 700 మి.గ్రా. ఇనుము పడేది. శాచురేషన్ 30 శాతం లోపు, ఫెరిటిన్ 500 లోపు ఉన్నప్పుడే కొత్తగా ఐరన్ మొదలుపెట్టాలన్నది 2012 కేడీఐజీఓ (అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ) మార్గదర్శకాల మాట.

గమ్మీలు ఆపిన ఐదో రోజు పాత ల్యాబ్‌లోనే పీటీహెచ్ 186కు వచ్చింది. అంటే అప్పటికీ అబద్ధమే. ఇరవై ఒకటో రోజున 731, విటమిన్ డి 35, టీఎస్‌హెచ్ 3.0. ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. గోలీ ఆపిన ఐదు రోజులకే పరీక్ష చేసి 186 చూసినవాళ్లు, అది నార్మల్ పై అంచుకు రెండు నుంచి తొమ్మిది రెట్ల లక్ష్యంలోనే ఉందని, అంటే 130కి 585కి మధ్య హాయిగా ఉందని తృప్తిపడి ఫైలు మూసేస్తారు. 38 కంటే 186 ప్రమాదకరం, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు. మూత్రం రాని పేషెంట్‌కు పెద్ద డోసు బయోటిన్ ఆపాక కనీసం రెండు మూడు వారాలు ఆగాలి, లేదా వేరే పద్ధతి ల్యాబ్‌కు పంపాలి.

ఆ తర్వాత చికిత్స

అసలు సమస్య ఇప్పుడు కనపడింది: పీటీహెచ్ పెరుగుతోంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతోంది, కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. పైగా మధ్యలో కాల్సిట్రయాల్ ఆగిపోయింది.

ముందు ఫాస్ఫరస్. కాల్సిట్రయాల్ పేగుల్లోంచి కాల్షియంతో పాటు ఫాస్ఫరస్‌నూ లాగుతుంది కాబట్టి, ఫాస్ఫరస్ 6 దాటి ఉండగా డోసు పెంచుతూ పోతే నిప్పుకు నూనె పోసినట్టే. సెవెలమర్ ఎలా వేసుకుంటోందని అడిగితే, పొద్దున డయాలసిస్‌కు వచ్చే తొందరలో మూడు గోలీలూ రాత్రి అన్నం తిన్న గంటకు ఒకేసారి మింగుతోంది. అది పేగులో తిండితో కలిసి ఫాస్ఫరస్‌ను పట్టుకునే మందు. తిండి వెళ్లిపోయాక మింగితే ఉపయోగం లేదు. రెండో ముద్దకూ మూడో ముద్దకూ మధ్య వేసుకోమని, నలపకుండా, నమలకుండా మింగమని చెప్పారు, ఎందుకంటే తడి తగిలితే ఉబ్బుతుంది. ఎక్కువ తినే పూటకు రెండు, తక్కువ తినే పూటకు ఒకటి. ఎండు చేపలు, ప్యాకెట్ మిక్స్‌చర్, కూల్‌డ్రింకు ఆపించారు. పప్పు, మక్క గట్క పూర్తిగా మాన్పించలేదు. గింజల్లోని ఫాస్ఫరస్ ఫైటేట్ రూపంలో ఉండి సగం కూడా ఒంటికి పట్టదు, ప్యాకెట్లలో కలిపే ఫాస్ఫేట్ మాత్రం దాదాపు అంతా పడుతుంది. జొన్న రొట్టె మీద యుద్ధం చేసి ప్యాకెట్ చిప్స్‌ను వదిలేసే డైట్ షీట్లు చూస్తే విచారమేస్తుంది.

కాల్సిట్రయాల్‌ను డయాలసిస్ అయ్యాక 0.5 మైక్రోగ్రాముల చొప్పున వారానికి మూడుసార్లు మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి కాల్షియం, ఫాస్ఫరస్ చూడాలి, సరిచేసిన కాల్షియం 10.2 దాటితే ఆపాలి. డయాలసిస్ ద్రవంలో కాల్షియం 2.5 నుంచి 3.0కి తాత్కాలికంగా మార్చారు. పీటీహెచ్‌ను తగ్గించే ఇంకో మందు సినకాల్సెట్ మొదలుపెట్టలేదు. సరిచేసిన కాల్షియం 8.4 అంచున ఉన్న మనిషికి కాల్షియాన్ని ఇంకా కిందికి తోసే మందు ఇస్తే ఒళ్లు కొంకర్లు పోతుంది. విటమిన్ డి 34 కాబట్టి ఇక సాషే వారానికి కాక నెలకొకటి.

జూలైలో సరిచేసిన కాల్షియం 8.9, ఫాస్ఫరస్ 5.2, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 150, పీటీహెచ్ 520. ద్రవంలో కాల్షియం మళ్లీ 2.5కి వచ్చింది.

ఏ విటమిన్ రాయాలి, ఏది వద్దు

నీటిలో కరిగేవి డయాలసిస్‌లో కొంత కొట్టుకుపోతాయి. పొటాషియం భయంతో కూరగాయలు ఉడికించి నీళ్లు వంచేస్తారు కాబట్టి తిండిలో కూడా తగ్గుతాయి. రోజుకు ఫోలిక్ యాసిడ్ 1 మి.గ్రా., బీ6 10 మి.గ్రా., సీ 60 నుంచి 100 మి.గ్రా., మిగతా బీ విటమిన్లు మామూలు మోతాదులో ఇస్తే చాలు. డయాలసిస్ ముందు మింగితే డయలైజర్ పాలు, రాత్రి పూట మేలు.

సీ దగ్గర మన మార్కెట్‌తోనే చిక్కు. షాపులో దొరికే చప్పరించే గోలీ 500 మి.గ్రా. జలుబుకని రోజుకు రెండు చప్పరిస్తే అది ఆక్సలేట్‌గా మారి, కిడ్నీలు లేవు కాబట్టి బయటికి పోక, గుండెలో, ఎముకల్లో, రక్తనాళాల్లో పేరుకుంటుంది. గోలీలో నాలుగో వంతు కోసుకోవడం కంటే, ఆ మోతాదులో సీ ఉన్న బీ కాంప్లెక్స్ రాయడం తేలిక.

విటమిన్ ఎ అసలు వద్దు. దాన్ని మోసే ప్రొటీన్ కిడ్నీ గుండా పోలేక డయాలసిస్ పేషెంట్లలో ఎ ముందే ఎక్కువుంటుంది. ‘‘ఎ టు జడ్’’ తరహా మల్టీవిటమిన్‌లో అది ఉంటుంది. డబ్బా వెనక చదవకుండా రాసే మందుల్లో మొదటిది ఇదే.

హోమోసిస్టీన్ (గుండె జబ్బుతో ముడిపెట్టే రక్తంలోని పదార్థం) ఎక్కువుందని పెద్ద డోసు ఫోలిక్ యాసిడ్, బీ12 రాసే అలవాటు ఇంకా పోలేదు. 2007లో వచ్చిన హాస్ట్ పరిశోధనలో హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు. 2010లో వచ్చిన డివైన్ పరిశోధనలో షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఫోలిక్ యాసిడ్ 2.5, బీ6 25, బీ12 1 మి.గ్రా. ఇస్తే కిడ్నీ ఇంకా వేగంగా దిగజారింది. బీ విటమిన్ కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అనే మాట మూత్రం ఉన్నవాళ్లది.

ఛాతీ నొప్పి సంగతి వేరుగా చెప్పాలి. గుండెపోటు తేల్చే ట్రోపోనిన్ కూడా చాలా యంత్రాల్లో శాండ్‌విచ్ పరీక్షే. అమెరికా ఎఫ్‌డీఏ 2017 నవంబర్‌లో బయోటిన్ గురించి ఇచ్చిన హెచ్చరికలో, ట్రోపోనిన్ తప్పుగా తక్కువ రావడంతో ముడిపడిన ఒక మరణాన్ని ప్రస్తావించింది. డయాలసిస్ పేషెంట్లలో ట్రోపోనిన్ మామూలుగానే కొంచెం ఎక్కువుంటుంది. ఛాతీ నొప్పితో వచ్చిన డయాలసిస్ పేషెంట్‌కు ట్రోపోనిన్ ఏమీ కనపడనంత తక్కువ వస్తే సంతోషించకూడదు, జుట్టు గోలీ అడగాలి, ఈసీజీ మళ్లీ తీయాలి.

జుట్టు

ఆమె అడిగింది జుట్టు గురించి, ఇన్నాళ్లూ మాట్లాడింది ఎముక గురించి. బయోటిన్ లోపం వల్ల జుట్టు ఊడటం చాలా అరుదు. పచ్చి కోడిగుడ్డు తెల్లసొన నెలల తరబడి తాగేవాళ్లలో అది రావచ్చు. తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్‌ను వదలకుండా పట్టేసుకుంటుంది. యంత్రాల్లోని స్ట్రెప్టావిడిన్, స్ట్రెప్టోమైసెస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చిన దాని చుట్టమే. ఉడికిస్తే అవిడిన్ చచ్చిపోతుంది కాబట్టి డయాలసిస్‌లో తినమనే ఉడికించిన తెల్లసొనకు ఈ దోషం లేదు.

ఫైలు వెనక్కి తిప్పితే నవంబర్‌లో ఫిస్టులా సరిగా నడవక మెడలో పెట్టిన క్యాథెటర్‌కు ఇన్‌ఫెక్షన్, చలిజ్వరం, ఎనిమిది రోజులు ఆసుపత్రి. పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు గుత్తులుగా ఊడటం తెలిసినదే, ఐదారు నెలల్లో అదే సర్దుకుంటుంది. దానికి తోడు తిండి. రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ అంటే ఆమెకు 52 నుంచి 62 గ్రాములు. మూడు రోజుల తిండి రాయిస్తే 38 వచ్చింది. డయాలసిస్ రోజుల్లో పొద్దున ఛాయ్‌తో సరిపెట్టుకుని, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరాకే తినడం కారణం. మూడు ఉడికించిన తెల్లసొనలు డబ్బాలో తెచ్చుకుని మెషిన్ ఎక్కేముందు తినమన్నారు, ఒక్కోదానిలో మూడున్నర గ్రాముల ప్రొటీన్. మెషిన్ మీద తినొద్దన్నది బీపీ పడిపోతుందని. జూలైకి ఆల్బుమిన్ 3.8.

జుట్టు ఊడటం జూన్‌కే తగ్గింది. డబ్బాలో మిగిలిన గమ్మీలు కూతురు తింటుందని చెప్పింది. కూతురికి కిడ్నీలు బాగున్నాయి కాబట్టి అభ్యంతరం లేదు, కాకపోతే ఆమెకూ థైరాయిడ్ ఉంది, ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకుంటుంది. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపమని, ఆపలేకపోతే తింటున్నట్టు ల్యాబ్‌లో చెప్పమని చీటీ మీద రాసి పంపారు.